నాలుక మీద అరిగిపోయిన మాటలు

సాఫల్యం పొందే విశ్వాసుల గుణాలను వివరిస్తూ దివ్య ఖుర్ఆన్ మొదట నమాజులో అణకువను పేర్కొంది. ఆ వెంటనే పేర్కొన్న గుణం వ్యర్థ విషయాలకు దూరంగా ఉండటం (23:1-3). జకాత్ ప్రస్తావన కూడా దాని తరువాతే వచ్చింది. నాలుకను అదుపులో ఉంచుకోవటం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

వ్యర్థపు మాట అనగానే మనకు తిట్లు, బూతులు గుర్తుకొస్తాయి. కాని మంచి మాట కూడా వ్యర్థమైపోతుంది. చేతులు మారి మారి ముద్ర అరిగిపోయిన నాణేన్ని అంగట్లో ఎవరూ తీసుకోరు. అర్థం తలచుకోకుండా పదే పదే వాడిన మాట గతి కూడా అంతే.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు ముస్లిముల్లో ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడేవారున్నారు. నూర్‌బాషా కుటుంబాల వంటి వారికి ఇంట్లోనూ తెలుగే. 2022 ఏప్రిల్‌లో బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్ళాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లాలు వేరయ్యాయి గాని మాటతీరు వేరు కాలేదు. కుర్రకారు ప్రతి వాక్యానికీ ముందు 'యాక్చువల్‌గా', 'బేసిక్‌గా' అని తగిలించటం పెద్దలకు చిరాకు పుట్టిస్తుంది. నిజమే, కాని దానివల్ల చెవికి తప్ప ఎవరికీ నష్టం లేదు. ఎదుటివారి హక్కును, మన విశ్వాసాన్ని దెబ్బతీసే ఊతపదాలు వేరే ఉన్నాయి. వాటిలో మూడింటిని ఇక్కడ పరిశీలిద్దాం.

'ఇన్షా అల్లాహ్' అంటే 'అరువు రేపు' కాదు

మన కిరాణా కొట్లలో 'అరువు రేపు' అని రాసిన బోర్డు కనిపిస్తుంది. ఎప్పుడు వెళ్ళి చూసినా ఆ రేపు రేపే. "భాయ్, శుక్రవారానికి బట్టలు కుట్టి ఇస్తారా?" అని అడిగితే "ఇన్షా అల్లాహ్". "అప్పు ఎప్పుడు తీరుస్తారు?" అన్నా "ఇన్షా అల్లాహ్". "పెళ్ళి సంబంధం సంగతి ఏమాలోచించారు?" అన్నా అదే జవాబు. కుదరదని చెప్పటానికి మొహమాటపడి, అల్లాహ్ పేరును అడ్డు పెట్టుకుంటున్నాం.

ఈ మాట నేర్పిన సందర్భం చూడండి. ఏ పనినైనా రేపు చేసి తీరుతానని అనవద్దనీ, అల్లాహ్ తలిస్తే అని చేర్చమనీ ఖుర్ఆన్ ఆదేశించింది (18:23-24). ఖురైషులు అడిగిన ప్రశ్నలకు రేపు జవాబిస్తానని దైవప్రవక్త (స) ఈ మాట చేర్చకుండా చెప్పగా, కొన్నాళ్ళు వహీ ఆగిపోయిందని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే ఇది గట్టి సంకల్పం ఉన్నవాడు పలకవలసిన మాట. పని చేయటానికి నడుం కట్టి, ఫలితం నా చేతిలో లేదని ఒప్పుకునే వినయం ఇందులో ఉంది. సంకల్పమే లేనివాడు దీన్ని పలికితే మిగిలేది వాగ్దానభంగమే. వాగ్దానభంగం కపటుల లక్షణాల్లో ఒకటని హదీసు స్పష్టం చేస్తోంది (బుఖారీ, ముస్లిం).

పసిపిల్లల విషయంలో కూడా సడలింపు లేదు. ఒక తల్లి "ఇటు రా, ఒకటి ఇస్తా" అని బిడ్డను పిలిచింది. ఏమివ్వదలచావని దైవప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పగా, ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేర ఒక అబద్ధం రాయబడేదని హెచ్చరించారు (అబూదావూద్).

ఇందులో మరో ప్రమాదం ఉంది. మన పొరుగున ఉన్న ముస్లిమేతర సోదరులు అరబీ చదవలేదు. మన నోటి నుంచి, మన నడత నుంచి వారు ఆ మాటకు అర్థం తెలుసుకుంటారు. పదిసార్లు తిరిగినా పని కాకపోతే 'ఇన్షా అల్లాహ్ అంటే కాదని అర్థం కాబోలు' అనుకుంటారు. ఆ తప్పుడు అర్థాన్ని వారికి నేర్పింది ఎవరు?

'అమ్మతోడు', 'కసమ్'

ఒట్టు అనేది బరువైన మాట. అది ఒకరి హక్కు తేలవలసిన చోట, వేరే సాక్ష్యం లేనప్పుడు పలికేది. ఇప్పుడు తెనాలి నిమ్మకాయల మార్కెట్లోనైనా, బాపట్ల బట్టల కొట్టులోనైనా బేరం మొదలైతే చాలు, "అమ్మతోడు, నాకు పడిన ధరే చెప్తున్నా" అంటారు. పిల్లలు గోళీలాటలో కూడా 'ఒట్టు' అనకుండా ఒక ఆట పూర్తిచేయరు. ఉర్దూలో అయితే 'కసమ్ సే'. ఒట్టు ఎక్కువైన కొద్దీ వట్టి మాటకు విలువ పోతుంది. ఒట్టు వేయకుండా చెబితే అబద్ధమేమో అనుకునే స్థితి వస్తుంది.

ప్రమాణం చేయవలసి వస్తే అల్లాహ్ పేరు మీదే చేయాలనీ, లేదా మౌనంగా ఉండాలనీ దైవప్రవక్త (స) బోధించారు. తండ్రితాతల మీద ప్రమాణాన్ని నిషేధించారు (బుఖారీ, ముస్లిం). కాబట్టి 'అమ్మతోడు', 'పిల్లల మీద ఒట్టు', 'అన్నం మీద ఒట్టు' విశ్వాసి నోట రాకూడనివి. అల్లాహ్ పేరుతో వేసే ఒట్టు కూడా వ్యాపారంలో సరుకును అమ్మిపెడుతుందేగాని శుభాన్ని తుడిచివేస్తుందని ఆయన హెచ్చరించారు (బుఖారీ).

ధర్మం ఇక్కడ కరుణ కూడా చూపింది. అలవాటుగా, ఉద్దేశం లేకుండా నోట జారిన ఒట్టుకు పట్టుకోవటం జరగదు. బుద్ధిపూర్వకంగా చేసి భంగపరచిన ప్రమాణానికి పరిహారం ఉంది: పదిమంది పేదలకు అన్నం పెట్టాలి, లేక బట్టలివ్వాలి, లేక బానిసను విముక్తం చేయాలి, ఆ శక్తి లేనివారు మూడు రోజులు ఉపవాసం ఉండాలి (5:89). ఒక్క ఒట్టు వెల ఇంత! మరి రోజుకు ఎన్ని ఒట్లు పారబోస్తున్నామో లెక్క చూసుకోవాలి.

'అంట', 'అంటున్నారు'

తెలుగులో 'అట' అనే చిన్న మాట ఉంది, వాడుకలో 'అంట'. నేను కళ్ళారా చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాను అని నిజాయితీగా ఒప్పుకోవటానికి పుట్టిన మాట ఇది. ఇప్పుడు అదే ఒక కవచమైంది. "ఆ అమ్మాయి సంగతి అదంట", "ఆ కొట్టు దివాలా తీస్తుందంట". ఎవరన్నారని అడిగితే, "ఏమో, అందరూ అంటున్నారు".

'అలా అంటున్నారు' అనే మాట మనిషికి చాలా చెడ్డ వాహనమని దైవప్రవక్త (స) అన్నారు (అబూదావూద్). వాహనమని ఎందుకన్నారో ఆలోచించండి. తెనాలిలో రేపల్లె బండి ఎక్కిన ఒక పుకారు వేమూరు దాటేసరికి 'అంట'ను పోగొట్టుకుంటుంది. భట్టిప్రోలు దగ్గర దానికి రెండు సాక్ష్యాలు పుడతాయి. రేపల్లెలో దిగేసరికి అది నిజమై కూర్చుంటుంది. ఒక ఇంటి పెళ్ళి ఆగిపోతుంది. ఆ మాట అన్నవారెవరో మాత్రం తేలదు.

ఈనాటి 'అంట' ఫోనులో ఉంది. 'ఫార్వార్డెడ్ యాజ్ రిసీవ్డ్' అని చివర రాసేస్తే తన బాధ్యత తీరిందనుకుంటారు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి సందేశాలు పాకాయి. ఆ అనుమానంతోనే హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపింది. అది రమజాన్ నెల! ఆ ఏడాది జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. విన్నదల్లా చెప్పటమే మనిషి అబద్ధీకుడు కావటానికి చాలునని హదీసు ఎప్పుడో చెప్పింది (ముస్లిం). కట్టడి మన వేలికి రావలసింది.

హజ్రత్ ఆయిషా (ర) గారిపై నింద పుట్టినప్పుడు మదీనాలో కొందరు చేసింది ఇదే. వినటం, నాలుకలతో అందించటం. వారు దాన్ని తేలిక విషయమనుకున్నారనీ, అల్లాహ్ వద్ద అది ఘోరమైనదనీ ఖుర్ఆన్ మందలించింది (24:15).

మనం చేయవలసింది

వినయం, సాక్ష్యం, నిజాయితీ. ఈ మూడు మాటలూ పుట్టింది వీటి కోసమే. మూడింటినీ మనం బాధ్యత తప్పించుకునే దారులుగా మార్చుకున్నాం. వాటిని మానేయటం కాదు, వాటి అర్థాన్ని వాటికి తిరిగి ఇవ్వటం మన పని.

1. చేయదలచిన పనికే 'ఇన్షా అల్లాహ్' అనాలి. చేయలేని పనికి "క్షమించండి, నావల్ల కాదు" అని మర్యాదగా చెప్పాలి. ఆ ఒక్క మాట ఎదుటివారికి పది తిరుగుళ్ళు తప్పిస్తుంది.

2. బేరంలో ఒట్టు వేయకూడదు. ధర చెప్పి ఊరుకోవాలి. పిల్లలు ఒట్టు వేయబోతే "నువ్వు చెబితే చాలు, నమ్ముతాను" అనాలి.

3. 'అంట' నోటిదాకా వచ్చినప్పుడు "ఎవరన్నారు? నేను విచారించానా? చెప్పటంవల్ల ఎవరికి మేలు?" అని ప్రశ్నించుకోవాలి. జవాబు లేకపోతే ఆ మాట మన దగ్గరే ఆగిపోవాలి.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలంటారు. పలికే ప్రతి మాటనూ నమోదు చేసే పర్యవేక్షకుడు సిద్ధంగా ఉన్నాడని ఖుర్ఆన్ గుర్తుచేస్తోంది (50:18). పలికితే మేలైన మాట పలికే, లేకుంటే మౌనం వహించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.