ప్లీడరు చదువు

ఇంట్లో మాటకు మాట చెప్పే పిల్లను చూసి, "ఇది ప్లీడరు కావలసిన పిల్ల" అనడం తెలుగు ఇళ్లలో అలవాటు. ఆ మాట నమ్మి లా కాలేజీలో చేరినవారూ ఉన్నారు.

సంగనకల్లు బళ్లారి పట్టణానికి దగ్గరలోనే ఉన్న ఊరు. నవీన శిలాయుగపు మనుషులు రాతి గొడ్డళ్లు చేసుకొన్న గుట్టలు అక్కడ ఉన్నాయి. ఆ ఊరి పిల్లలు మంచి న్యాయవాదుల కథలు వినడానికి దూరం పోనక్కరలేదు. తెలుగు నాటకానికి పెద్దదిక్కైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఇద్దరూ బళ్లారి వకీళ్లే. ధర్మవరం వారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు. ఆయననే లోకం బళ్లారి రాఘవ అన్నది. 1880లో పుట్టిన రాఘవ 1905లో మద్రాసు లా కాలేజీ చదువు ముగించారు. బళ్లారిలో క్రిమినల్ కేసులు వాదించి పేరు తెచ్చుకొన్నారు.

నాటకమంటే ప్రాణమైన మనిషికి కోర్టు ఎందుకు? ఆ రోజులలో రంగస్థలాన్ని నమ్ముకొని సంసారం నడపడం కష్టం. వృత్తి తిండి పెట్టింది కనుక, ఆయన డబ్బు కోసం వేషం కట్టవలసిన పని లేకపోయింది. అయితే పగలు కేసులు, రాత్రి నాటకాలు మోయగల ఓపిక అందరికీ ఉండదు.

నేడు పి.యు.సి. తరువాత అయిదేళ్లు, లేదా డిగ్రీ తరువాత మూడేళ్లు న్యాయశాస్త్రం చదవాలి. అయిదేళ్ల కోర్సుకు సాధారణ వర్గం వారికి పి.యు.సి.లో కనీసం 45 శాతం మార్కులు కావాలి. పట్టా చేతికి వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ రుసుము చట్టం చెప్పిన 750 రూపాయలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి 125 రూపాయలకు మించరాదని సుప్రీంకోర్టు 2024లో తీర్పు చెప్పింది. అఖిల భారత బార్ పరీక్ష కూడా నెగ్గాలి. అంతటితో సంపాదన మొదలవుతుందనుకోరాదు. సీనియరు వద్ద ఫైళ్లు మోస్తూ, వాయిదాలు రాసుకొంటూ కొన్నేళ్లు గడపాలి. ఆ ఏళ్లలో ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలమా అన్నది అందరికన్నా ముందు అమ్మానాన్నలతో కూర్చొని మాట్లాడుకోవలసిన సంగతి. చాలా ఇళ్లలో దీనిని చివరికి వదిలేస్తారు.

సరిహద్దు పిల్లలకు మరొక చిక్కు భాష. బళ్లారి తాలూకా 1953లో మైసూరు రాష్ట్రంలో చేరింది. కక్షిదారు తన గోడు తెలుగులో చెప్పుకొంటాడు. అతని పొలం పహణీ కన్నడంలో ఉంటుంది. కేసు హైకోర్టుకు పోతే వాదన ఇంగ్లీషులో సాగుతుంది. మూడూ చదివి, ఒకదానిలోని మాటను మరొకదానిలో పొల్లుపోకుండా చెప్పగలిగిన వకీలు ఆ జిల్లాలో ఎందరికో అక్కరకు వస్తాడు. కనుక కన్నడం పాఠాన్ని మార్కుల కోసమే చదివే పిల్లవాడు ఈ దారి పట్టేముందు మరొకసారి ఆలోచించాలి.

వాదించే నోటికన్నా చదివే కళ్లకే ఈ వృత్తిలో పని ఎక్కువ. సందేహమున్నవారు సెలవులలో ఒకరోజు బళ్లారి కోర్టుకు వెళ్లి, వెనుక బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చొని చూడవచ్చు. సాధారణంగా విచారణ అందరి ఎదుటనే జరుగుతుంది. సినిమాలో వలె బల్ల గుద్ది అరిచేవారు అక్కడ కనిపించరు. ఎక్కువ కేసులు వాయిదా పడతాయి. మధ్యాహ్నానికే విసుగు పుట్టిందా, లేక ఆ రైతు కేసు ఏమవుతుందో తెలుసుకోవాలని మళ్లీ వాయిదా తేదీ అడిగి రాసుకొన్నారా అన్నది ఎవరికి వారే చూసుకోవాలి.