పుష్కర్‌లో గది: అడ్వాన్సు పంపేది ఎవరికి?

పుష్కర్ రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లాలో, థార్ ఎడారి అంచున ఉన్న చిన్న పట్టణం. అజ్మీర్‌లో రైలు దిగి నాగ్ పహాడ్ కొండ దాటితే ఊరు వస్తుంది. సరస్సు చుట్టూ ఉన్న 52 ఘాట్ల కోసం, బ్రహ్మ ఆలయం కోసం తెలుగు యాత్రికులు ఏడాది పొడవునా వెళ్తూనే ఉంటారు. కార్తీక పౌర్ణమితో ముగిసే ఒంటెల సంత రోజుల్లో మాత్రం గది దొరకడమే గగనం, అద్దెలు కొన్ని రెట్లు పెరుగుతాయి. ఫోన్లో ఖరారైన గది తీరా గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి లేకుండా పోయే తగాదాలు ఎక్కువగా ఆ రోజులవే. ఇటీవల న్యాయవాదుల దగ్గరికి ఇవి ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. వాటన్నిటిలో కేసును దెబ్బతీస్తున్న లోపం ఒక్కటే: అడ్వాన్సు తీసుకున్నది ఎవరో కాగితం మీద లేదు.

ఊళ్లో వసతి మూడు రకాలు. ఘాట్ల వెనక ఇరుకు సందుల్లో పాత ఇళ్లను, హవేలీలను మార్చి నడిపే గెస్ట్‌హౌస్‌లు మొదటి రకం. కులసంఘాలు, ట్రస్టులు నడిపే ధర్మశాలలు రెండోవి. ఊరి బయట ఇసుకలో వేసే గుడారాలు మూడోవి. డబ్బు తీసుకుని ఇచ్చే వసతి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ‘సేవ’. ఉచితంగా ఇచ్చేది ఆ చట్టం కిందికి రాదు. కొన్ని ధర్మశాలలు అద్దె వసూలు చేసి విరాళం రసీదు చేతిలో పెడతాయి. ఆ రసీదుతో వినియోగదారుల కమిషన్ మెట్లెక్కితే అది అద్దేనని నిరూపించుకోవాల్సింది యాత్రికుడే. రసీదు మీద గది నంబరు, తేదీలు రాయించుకోవడం అక్కడే, అప్పుడే జరగాలి.

అడ్వాన్సు దగ్గర జరిగేది ఇది. ఫోన్లో మాట్లాడిన మనిషి ఒక నంబరు ఇస్తాడు. యూపీఐలో ఆ నంబరు కొట్టగానే తెర మీద గెస్ట్‌హౌస్ పేరు రాదు, ఎవరో వ్యక్తి పేరు వస్తుంది. పంపేవారు దాన్ని చూసి కూడా నొక్కేస్తారు. తర్వాత ఫిర్యాదులో ఎదురుపక్షంగా ఎవరిని చేర్చాలన్న ప్రశ్నకు జవాబుండదు. బోర్డు మీది పేరు యజమాని పేరు కాదు. డబ్బు తీసుకున్నవాడు తాను మేనేజరునే కాదంటాడు. యజమాని తనకు పైసా అందలేదంటాడు.

తాజాగా వచ్చిన ఒక కేసు సరిగ్గా ఇలాంటిదే. పౌర్ణమి స్నానానికి వెళ్లిన ఒక పెద్ద కుటుంబం నాలుగు గదులకు సగం అద్దె ముందే పంపింది. రాత్రి పొద్దుపోయాక చేరితే గదులు వేరేవాళ్లకు ఇచ్చేశామన్నారు. వృద్ధులతో సహా అందరూ అజ్మీర్‌కు తిరిగి వెళ్లి ఎక్కువ అద్దెకు గదులు వెతుక్కోవాల్సి వచ్చింది. అన్యాయం కళ్ల ముందే ఉంది. కానీ డబ్బు చేరిన ఖాతాకూ ఆ గెస్ట్‌హౌస్‌కూ లంకె చూపే వాట్సాప్ సంభాషణను, ఫోన్ నిండిపోయిందని ఇంట్లో కుర్రవాడు చెరిపేశాడు. స్థానిక పోలీసులు అది సివిల్ వ్యవహారమని చేతులు దులుపుకున్నారు. గట్టి కేసు కాస్తా ఖాతాదారు ఎవరో తేల్చే తంతుగా మారింది.

దీనికి విరుగుడు సులువే. అడ్వాన్సు పంపేముందు గెస్ట్‌హౌస్ పూర్తి పేరు, చిరునామా, యజమాని పేరు, ఉంటే జీఎస్టీ నంబరు రాతలో తెప్పించుకోవాలి. రాజస్థాన్ రిజిస్ట్రేషన్లు 08 అంకెతో మొదలవుతాయి. ఆ నంబరును జీఎస్టీ వెబ్‌సైట్‌లో వెతికితే వ్యాపారం ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది, ఫిర్యాదులో రాయాల్సింది ఆ పేరే. డబ్బు వ్యక్తిగత ఖాతాకు పంపమంటే ‘ఈ ఖాతా మా గెస్ట్‌హౌస్ తరఫున’ అని ఒక్క వాక్యం మెసేజ్ అడగాలి. ఆ వాక్యం రాయనివాడికి డబ్బు పంపకూడదు.

గది గురించి ఇచ్చిన మాటలు కూడా రాతలోకి రావాలి. ‘సరస్సు కనిపిస్తుంది’ అంటే గదిలోంచా, డాబా మీంచా? వేడినీళ్లు కుళాయిలో వస్తాయా, బకెట్‌తో తెచ్చిస్తారా? గది ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా? ఆటో ఎక్కడిదాకా వస్తుంది, మిగతా దూరం ఎంత నడవాలి? సంత రోజుల్లో మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ చివరి రెండూ సరస్సు కన్నా ముఖ్యం. ప్రకటనలో చెప్పింది లేకపోతే తప్పుదోవ పట్టించే ప్రకటన, ఒప్పుకున్నది ఇవ్వకపోతే సేవాలోపం. రెండింటికీ రుజువు ఆ రాతే.

పన్ను విషయంలోనూ మోసపోతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. రిజిస్ట్రేషన్ లేని చిన్న గెస్ట్‌హౌస్‌కు జీఎస్టీ వసూలు చేసే హక్కే లేదు. బిల్లు ఇవ్వననడం వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

గుర్తింపు కోసం ఆధార్ ఒక్కటే చూపాలని లేదు. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు చాలు. ఆధారే ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ప్రతి ఇవ్వవచ్చు. అమెరికాలో పుట్టిన మనవలను వెంటబెట్టుకు వెళ్లేవారు మరో సంగతి ముందే తేల్చుకోవాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో సమాచారం ఇచ్చే బాధ్యత వసతి యజమానిదే. వాడుకలో దాన్ని ఫారం-సి అంటారు. ఆ ఏర్పాటు లేని చిన్న గెస్ట్‌హౌస్‌లు గుమ్మంలోనే తిప్పి పంపేస్తాయి. విదేశీ పాస్‌పోర్టులున్న సంగతి చెప్పి, సరేనన్న జవాబు రాతలో తీసుకున్నాకే అడ్వాన్సు.

‘సామానుకు మేము బాధ్యులం కాము’ అనే బోర్డు ప్రతి కౌంటరు వెనకా ఉంటుంది. దాన్ని చూసి హక్కు పోయిందనుకోనక్కర్లేదు. తాజ్‌మహల్ హోటల్ కేసులో 2019లో సుప్రీంకోర్టు, పార్కింగ్ కోసం సిబ్బందికి అప్పగించిన కారు పోతే ‘యజమాని రిస్క్’ అని చీటీ మీద అచ్చేసినంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని చెప్పింది. అప్పగించడమే అక్కడ కీలకం. గది ఖాళీ చేశాక సంచులు కౌంటరులో వదిలితే టోకెనో, రసీదో తీసుకోవాలి.

గది ఇవ్వకపోతే అక్కడికక్కడే చేయాల్సిన పనులున్నాయి. గుమ్మం, బోర్డు ఫొటో తీయాలి. ‘బుక్ చేసిన గది ఇవ్వలేదు’ అని అదే నంబరుకు మెసేజ్ పెట్టాలి. వేరే చోట తీసుకున్న గది బిల్లు, ఆటో ఖర్చు దాచాలి. అసలు ఆ గెస్ట్‌హౌసే లేదని తేలితే అది సైబర్ మోసం, వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఫిర్యాదుకు అజ్మీర్ దాకా వెళ్లనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. ‘రాజస్థాన్‌లో వేసుకోండి’ అని తిప్పి పంపే గుమాస్తాలు ఇప్పటికీ ఉన్నారు. 2019 చట్టం 2020 జులైలోనే అమల్లోకి వచ్చిన సంగతి వారికి ఇంకా అందినట్టు లేదు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, గడువు రెండేళ్లు. మొదట 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పినా ఈ గడువు ఆగదు.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ‘అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు’ అనే షరతును అన్యాయ ఒప్పందమని సవాలు చేస్తే, దాన్ని వినే అధికారం జిల్లా కమిషన్‌ది కాదు, రాష్ట్ర కమిషన్‌ది. గది ఇవ్వలేదన్న తగాదాను సేవాలోపంగా రాస్తే ఆ చిక్కు ఉండదు. వాట్సాప్ ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమంలోని 63(4) సెక్షన్ ధ్రువపత్రం జతచేస్తే ఎదుటివారి అభ్యంతరానికి తావు తగ్గుతుంది. ఆ సంభాషణ ఉన్న ఫోన్‌ను కేసు ముగిసేదాకా మార్చకూడదు, అమ్మకూడదు, అందులో ఏదీ చెరపకూడదు.