కుఱుపంది పైరునకు శత్రువు కాదు

తిరుపతి, చంద్రగిరి ప్రాంతములలో శేషాచలము కొండల యంచున వేరుసెనగ పండించు రైతులకు అడవిపందుల బెడద క్రొత్త కాదు. కాని కుందేలుకంటె కొంచెము పెద్దదై, ఆకులలో చప్పుడు చేయక తొలగిపోవు మఱియొక జంతువును చూచినవారు తక్కువ. దానికి కుఱుపంది యని పేరు; మూషిక జింక యనియు నందురు. పేరులో పంది యున్నను ఇది పంది కాదు. రూపమున జింకను పోలినను జింకల కుటుంబమునకును చేరదు; నెమరువేయు వానిలో మిక్కిలి ప్రాచీనమైన వేఱొక కుటుంబములోనిది.

దీని యెత్తు అడుగునకు మించదు. బరువు 2 మొదలు 4 కిలోలు. గోధుమవన్నె మేనిపై తెల్లని చుక్కలు, చారలు కలవు. మగదానికి సైతము కొమ్ములు లేవు. బదులుగా పైదవడ కోఱలు క్రిందికి సాగియుండును. పగలు రాతినెఱ్ఱెలలో, చెట్టుతొఱ్ఱలలో దాగి, రాత్రి ఒంటరిగా మేయును. ఉసిరిక, తాని మొదలగు చెట్లనుండి రాలిన పండ్లే ముఖ్యాహారము. లేతాకులు, పువ్వులు కూడ తినును. సూలు సుమారు 5 మాసములు. తఱచుగా ఈనునది ఒక్క పిల్లనే.

పందులు పడిన చేనిలో మన్ను పెల్లగిల్లి, కాయలు పైకి వచ్చియుండును. కుఱుపంది మూతికి అట్టి బలము లేదు. అయినను పందికై పన్నిన తీగయుచ్చు దీనిని విడువదు. చేను కాచుకొనుట రైతునకు తప్పనిదే; అందులకు ముండ్లకంచె, రాత్రికావలి మేలు. వేసవిలో గట్లకు పెట్టిన నిప్పు అడవికి ప్రాకినచో రాలిన పండ్లును, దాగు పొదలును ఒక్కమాఱే నశించును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున ఇది మొదటి షెడ్యూలులోనిది; ఉచ్చు పందికై వేసితినన్నను కేసు తప్పదు. 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానము ఈ కొండలలోనిదే. హైదరాబాదు జంతుప్రదర్శనశాలలో 2010 మొదలు వీనిని పెంచి, 2017లో నల్లమలలోని అమ్రాబాదు అడవిలో విడిచిరి. ఒకచోట తఱిగినదానిని మరల నింపుట కింత శ్రమ.

ఉచ్చున బ్రతికియున్న కుఱుపంది కనబడినచో, తలపై గోనెపట్టా కప్పి, చుట్టును జనము గుమిగూడకుండ జూచి, కుక్కలను దూరముగ నుంచి, అటవీశాఖవారికి వెంటనే తెలుపవలయును. పిల్లలకు చూపుటకై యింటికి తెచ్చి కట్టివేయరాదు. గాయము లేకున్నను బెదరుచేతనే అది చచ్చుట కలదు.