ఉద్యోగం - మీ ప్రశ్నలు: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి

ప్ర: మండల ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. గ్లకోమాతో చూపు తగ్గి ఫైళ్లు చదవలేకపోతున్నాను. "మెడికల్ ఇన్‌వాలిడేషన్ పెట్టేసుకోండి, మీవాడికి ఉద్యోగం ఇప్పిద్దాం" అంటూ ఆఫీసరుగారు దరఖాస్తు టైపు చేయించి మరీ ఇచ్చారు. ఇంకా పదకొండేళ్ల సర్వీసుంది. ఏం చేయమంటారు?

జ: సంతకం పెట్టకండి. ఆయన మీ మేలు కోరే అని ఉండొచ్చు, కానీ పోయేది మీ ఉద్యోగం. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అని దివ్యాంగుల హక్కుల చట్టం-2016, 20వ సెక్షన్ చెబుతోంది. ఆ సీటు చేయలేకపోతే అదే స్కేలులో మరో పోస్టివ్వాలి. అదీ ఖాళీ లేకపోతే అదనంగా సృష్టించిన (సూపర్‌న్యూమరరీ) పోస్టులో ఉంచాలి. వర్ణాంధత్వం ఉందని ఇంటికి పంపేసిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు జీతం తగ్గకుండా తగిన పని ఇవ్వాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

మీకైతే సీటు మారాల్సిన పనీ లేదేమో. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, తెలుగు చదివి వినిపిస్తుంది. చిక్కల్లా మన ఆఫీసు కాగితాలతోనే. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన మెమోని అది తలాతోకా లేని ఇంగ్లిషు అక్షరాలుగా చదువుతుంది. స్కాన్ చేసిన జీవో అయితే అసలు నోరు విప్పదు. అందుకే కంప్యూటర్ అడిగి ఊరుకోకండి. కాగితాలు యూనికోడ్‌లో పంపమనీ, శిక్షణకు వ్యవధి ఇమ్మనీ రాసివ్వండి. సదరం సర్టిఫికెట్ జతచేసి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. కదలిక లేకపోతే మీ శాఖ గ్రీవెన్స్ ఆఫీసర్, ఆపైన దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్.

ప్ర: మా ప్యాకింగ్ యూనిట్‌లో ముప్పై మంది. కొత్తగా చేరిన కుర్రాడికి చెవులు వినపడవు. ఎంత గట్టిగా అరిచినా లాభం లేదు. ఖర్చు లేకుండా ఏం చేయొచ్చు?

జ: అరవడం మానేయండి, పెదాల కదలిక మారిపోయి అసలే అర్థంకాదు. మీ ఉత్తరంలో ఆ అబ్బాయి ఏమన్నాడో ఎక్కడా లేదు, ముందు అతణ్నే అడగండి. ఏ రోజు పని ఆ రోజు వాట్సాప్‌లో రాసి పంపితే పైసా ఖర్చుండదు. ఇరవై మంది, ఆపైన ఉన్న ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం రాసి అందరికీ తెలిసేలా పెట్టాలి, 2017 నుంచి అది నిబంధన. ఒక్క ఖర్చు మాత్రం తప్పదు. ఫైర్ సైరన్‌కి మెరిసే ఎర్ర దీపం కలిపించండి, బాత్రూములో కూడా. అక్కడ భుజం తట్టి చెప్పేవాళ్లుండరు.