క్లిప్పుల క్లినిక్‌లో రెండో స్టూలు

పళ్లకు క్లిప్పులు వేయించుకున్న పిల్లవాడు నెలకో నెలన్నరకో ఒకసారి క్లినిక్‌కి వస్తాడు. డాక్టర్ గారు తీగ మార్చి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి పంపేస్తారు. అప్పటిదాకా ఆ నోటి బాగోగులు పద్నాలుగేళ్ల కుర్రాడి చేతిలోనే. చికిత్స ఏడాదిన్నరో రెండేళ్లో సాగుతుంది. పళ్లు వరుసలోకి వస్తాయి, సంతోషమే. కానీ క్లిప్పులు తీసిన రోజున ప్రతి పంటి మీదా సున్నం చిలకరించినట్టు తెల్లమచ్చలు బయటపడితే? బ్రాకెట్ చుట్టూ పాచిని అలాగే వదిలేస్తే, నాలుగు వారాల్లోనే పంటి పైపొర ఖనిజం కోల్పోయి మచ్చ మొదలు కావచ్చు. రెండు అపాయింట్‌మెంట్ల మధ్య ఎంత ఎడం ఉంటుందో, మచ్చ పడటానికి అంత వ్యవధి చాలన్నమాట.

ఆ ఎడాన్ని కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు? డాక్టర్ గారికి బయట ఇంకా పదిమంది పేషెంట్లు. తల్లికి ఏం చూడాలో తెలియదు. డెంటల్ హైజీనిస్టుగా డిప్లొమా చేసి కుర్చీ పక్కన రెండో స్టూలు మీద కూర్చున్న మీరే మిగిలారు.

చాలామంది హైజీనిస్టులు ఆర్థోడాంటిక్ క్లినిక్‌లో చేరగానే ఒక నిర్ణయానికి వచ్చేస్తారు: ‘గార తీయడం చదువుకున్నాం, ఇక్కడ చూస్తే ప్లయర్లు అందించడమే పని’ అని. ఆ మాట మనసులో పడిందంటే ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది. అందించే ప్లయర్ ఎందుకో తెలుసుకోవడంతో నేర్పు మొదలవుతుంది. తీగ చివర కత్తిరించడానికి డాక్టర్ గారు డిస్టల్ ఎండ్ కట్టరే ఎందుకడుగుతారు? అది తెగిన ముక్కను పట్టి ఉంచుతుంది. మామూలు కట్టర్ అయితే ఆ ముక్క గొంతులోకి జారే ప్రమాదం ఉంది. ఈ సంగతి తెలిసిన మనిషి అడగకముందే సరైన పనిముట్టు చేతికందిస్తుంది. కట్టర్ పట్టు వదులైతే ముందు తనే గమనిస్తుంది.

బ్రాకెట్లు అతికించే రోజు చూడండి. నూనె కలవని ప్యూమిస్‌తో పన్ను శుభ్రం చేస్తారు. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ పదిహేను నుంచి ముప్పై సెకన్లు ఉంచి, కడిగి ఆరబెడతారు. పన్ను పాలిపోయినట్టు తెల్లగా మారుతుంది. ఆ యాసిడ్ ఎనామిల్‌లో కంటికి కనపడని గుంటలు చేస్తుంది. జిగురు వాటిలోకి దిగి పట్టుకుంటుంది. ఇంతలో ఒక చుక్క ఉమ్మి తగిలితే గుంటలు మూసుకుపోతాయి. బ్రాకెట్ ఈరోజు కాకపోతే పదో రోజున ఊడుతుంది, జంతికలు తిన్నాడని తిట్లు మాత్రం పిల్లవాడికి పడతాయి. ఆ పది నిమిషాలూ బుగ్గ పక్కకు పట్టి, సక్షన్ సరైన చోట పెట్టి, పన్ను పొడిగా ఉంచింది ఎవరు? బ్రాకెట్ ఊడకపోవడంలో సగం ఘనత ఆ చేతిదే. రికార్డులో ఆ పేరు ఉండదు, అది వేరే సంగతి.

ఈ పనిని వృత్తిగా మలచినవాళ్లు కారణాలు నేర్పడం దగ్గరే మొదలుపెట్టారు. అమెరికాలో కనెటికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు 1906లో తన దగ్గర సహాయకురాలిగా ఉన్న ఐరీన్ న్యూమన్‌కు పళ్లు శుభ్రం చేయడం నేర్పారు. 1913లో ఏకంగా బడే పెట్టారు. విశ్వవిద్యాలయాల ఆచార్యులను రప్పించి పాఠాలు చెప్పించారు. మొదటి బ్యాచ్‌లో బయటికొచ్చిన 27 మందిలో పలువురు ఆ ఊరి బడిపిల్లల నోళ్లు శుభ్రం చేయడానికి వెళ్లారు. 1917లో న్యూమన్‌కు ప్రపంచంలోనే తొలి డెంటల్ హైజీనిస్ట్ లైసెన్సు దక్కింది. చేతిపనికి చదువు తోడవడం వల్లే ఆ లైసెన్సు వచ్చిందని నా నమ్మకం.

ఇక దాటకూడని గీత గురించి. ఇది మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట. మన దేశంలో 1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్ హైజీనిస్టు పని ఏమిటో చెప్పింది: గార తీయడం, పళ్లు శుభ్రపరచి పాలిష్ చేయడం, నోటి శుభ్రతపై పాఠం చెప్పడం. అందులో బ్రాకెట్ అతికించడం లేదు, తీగ వంచడం లేదు. బ్రిటన్‌లో ఆర్థోడాంటిక్ థెరపిస్టులని వేరే వృత్తే ఉంది. నర్సులు, హైజీనిస్టులు అదనంగా డిప్లొమా చేసి, అక్కడి జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో నమోదై, డాక్టర్ రాసిచ్చిన ప్రకారం బ్రాకెట్లు పెడతారు, తీగలు మారుస్తారు. వాళ్లకైనా చికిత్స నిర్ణయించే అధికారం లేదు. ఆ దేశం వెళ్లిన స్నేహితురాలు ఫోన్లో చెప్పింది కదా అని ఇక్కడ చేయి పెట్టకండి. రద్దీగా ఉన్న సాయంత్రం ‘నువ్వే తీగ మార్చెయ్యమ్మా’ అన్న మాట వినపడుతుంది. ‘సార్, అది మీరు చేయాల్సింది. నేను అన్నీ సిద్ధం చేసి, పేషెంట్‌ని కూర్చోబెట్టి ఉంచుతాను’ అనండి. గొంతు పెంచక్కర్లేదు, సంజాయిషీ అక్కర్లేదు. ఏమైనా జరిగితే ఆ తీగ మార్చిన చేతి పేరే ముందు బయటికొస్తుంది. 2023లో జాతీయ దంత కమిషన్ కోసం కొత్త చట్టం వచ్చింది కాబట్టి, పరిధి గురించి సందేహముంటే మీరు నమోదైన కౌన్సిల్‌నే అడిగి తెలుసుకోండి.

గీత లోపల చోటు తక్కువని అనుకోకండి. పేషెంట్ కుర్చీలో కూర్చోగానే, డాక్టర్ గారు వచ్చేలోపు మీ కళ్లకు చేతినిండా పని. ఊడిన బ్రాకెట్ ఉందా? తీగ చివర బుగ్గకు గుచ్చుకుంటోందా? చిగురు ఉబ్బి బ్రాకెట్ మీదికి పాకుతోందా? పాచి బ్రాకెట్‌కు పంటి అంచు వైపు ఉందా, చిగురు వైపు ఉందా? రబ్బర్లు పెట్టుకుంటున్నాడా, పెట్టుకున్నట్టు నటిస్తున్నాడా? రోజుకు ఇరవై గంటలకు పైగా పెట్టుకోవాల్సిన రబ్బర్లను క్లినిక్ మెట్ల మీద తగిలించుకుని వచ్చే కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇచ్చిన ప్యాకెట్‌లో ఎన్ని మిగిలాయో అడిగితే నిజం తెలిసిపోతుంది. ఇవన్నీ రెండు వాక్యాల్లో డాక్టర్ గారికి చెప్పగలిగితే, మిమ్మల్ని అడగకుండా ఆయన ఆ నోట్లో చేయి పెట్టరు.

అన్నిటికన్నా కష్టమైంది మాట. ‘సరిగ్గా బ్రష్ చెయ్యి’ అన్న వాక్యం వృథా. ఆ పిల్లవాడు దాన్ని ఇంట్లో రోజూ వింటున్నాడు. తల్లి ముందు మందలిస్తే నోరు తెరుస్తాడు గానీ చెవి మూసుకుంటాడు. పాచికి రంగు పట్టించే ద్రావణం పూసి అద్దం చేతికివ్వండి. ఎక్కడ వదిలేశాడో తనకే కనిపిస్తుంది. తీగ కిందికి దూరే చిన్న బ్రష్ ఇచ్చి మీ ఎదుటే చేయించండి. ‘నాన్నా, ఈ కింది పన్ను ఒక్కటి వచ్చేసారికి నాకు శుభ్రంగా చూపించు’ అని ఒకే ఒక్క పని అప్పగించండి.

తిండి సంగతి మన వంటింటి భాషలో చెప్పాలి. ఇంగ్లిష్ కరపత్రంలో యాపిల్, పాప్‌కార్న్ అని ఉంటుంది. మనవాళ్ల బ్రాకెట్లు ఊడేది చేగోడీలకు, పల్లీచిక్కీకి, చెరకుకు, ఆవకాయ టెంకకు, మటన్ ఎముకకు. జామకాయ మానక్కర్లేదు, సన్నగా కోసుకుని తినొచ్చు. బ్రాకెట్ల చుట్టూ రంగులేని రబ్బర్లు కావాలని పట్టుబట్టిన అమ్మాయికి పసుపు వేసిన పప్పు, కూర తింటే అవి పచ్చబడతాయని ముందే చెప్పండి. తర్వాత చెబితే అది సాకులా వినిపిస్తుంది.

ఫోన్ కాల్స్ కూడా మీ బడే. రాత్రి తీగ గుచ్చుకుంటోందని కంగారుగా చేసిన తల్లికి, ఆర్థో మైనం ముద్ద అద్దమనీ పొద్దున్నే తీసుకురమ్మనీ చెప్పడం ఒక నైపుణ్యం. ఏ లక్షణం రేపటిదాకా ఆగుతుంది, ఏది ఆగదు అన్నది డాక్టర్ గారితో కూర్చుని ముందే రాయించుకోండి. ఊహించి సలహా ఇవ్వకండి.

డాక్టర్లకూ ఒక మాట. శిక్షణ ఇస్తే మానేసి వేరే క్లినిక్‌కి వెళ్లిపోతారన్న భయం మీలో చాలామందికి ఉంది. నేర్పకుండా అట్టిపెట్టుకున్న మనిషి ఏళ్ల తరబడి అదే తప్పు చేస్తుంటే అయ్యే ఖర్చు ఎవరూ లెక్క వేయరు. నెలకొక మధ్యాహ్నం క్లినిక్ మూసి, ఊడిన బ్రాకెట్ల జాబితా ముందు పెట్టుకుని ఎందుకు ఊడాయో అందరూ కలిసి మాట్లాడుకోండి. మచ్చలు పడ్డ కేసుల ఫొటోలు దాచకుండా చూపించండి. జీతం కూడా పెంచండి, నేర్పిన పనికి విలువ కట్టడమంటే అదే.

డాక్టర్ గారు పిలిచి నేర్పేదాకా ఆగకండి. వచ్చే సోమవారం క్లినిక్ తెరవగానే ఒకే ప్రశ్న అడగండి: ‘సార్, ఈ వారం క్లిప్పుల పేషెంట్లలో చిగుళ్లు బాగా లేనివాళ్లందర్నీ నాకు అప్పగిస్తారా?’