నాలుగు మెట్ల మహతి



‘సార్, సిక్స్త్‌కి వచ్చిండు, ఇగ మ్యూజిక్ ఎందుకు? ఆ పీరియడ్ మ్యాథ్స్‌కి ఇయ్యండి’ అని ఏర్గట్ల తల్లిదండ్రులు కొందరు అడుగుతున్నారు. మాన్పించే ముందు ఇంట్లో కీబోర్డు తీయండి. సి, ఇ, జి, బి ఫ్లాట్ మెట్లు వరసగా నొక్కి, పై సి దగ్గర ఆగండి. అవే స, గ, ప, ని. మీరు వాయించింది ‘మహతి’ రాగం స్వరాలు.

రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నది పాత నియమం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగింటితోనే మహతి, లవంగి వంటి రాగాలు కట్టి, వాటిలో కృతులు రాశారు. వీణ బాలచందర్ గట్టిగా అభ్యంతరం చెప్పారు, పెద్ద వివాదమే నడిచింది. (పిల్లలు లెక్కను కొత్త దారిలో చేస్తే మనమూ ఇలాగే కేకలేస్తాం కదా!)

అయితే ఆయన నియమం తెలియక దాటలేదు. 1930లో తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు, కొడుకు పసిబిడ్డగా ఉండగానే పోయారు. వేణువు వాయించే తండ్రి పట్టాభిరామయ్య, త్యాగరాజ శిష్యపరంపరలోని పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర చేర్చారు. ఎనిమిదో ఏటనే విజయవాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశారు. పేరు ముందు ‘బాల’ చేరింది ఆ చిన్న వయసు వల్లే. మొత్తం 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టారు. గానంతో పాటు వయొలిన్, వయోలా, మృదంగం, కంజీర వాయించేవారు. 1991లో పద్మవిభూషణ్ అందుకున్నారు, 2016లో చెన్నైలో కన్నుమూశారు.

ఇప్పుడు జి బదులు ఎఫ్ నొక్కమనండి. ఏం మారిందో మీ బిడ్డనే చెప్పమని అడగండి.