సముద్రతీర మహానగరంలో జీవనం – లాభనష్టాలు

పాఠం 14

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ముంబయి నగరంలో ఇంటి ఖర్చు ఎక్కువగా ఉండటానికి కారణాలు చెప్పగలుగుతారు.
• అక్కడి జీవనంలోని లాభాలను, నష్టాలను వివరించగలుగుతారు.
• ఒక కుటుంబానికి నగరవాసం కలిసివస్తుందో లేదో లెక్క వేసి తేల్చుకోగలుగుతారు.

14.2 ప్రవేశిక

"పట్నం పోతే ఎలాగైనా బతకవచ్చు" అనే మాట మనం తరచు వింటుంటాం. ఆ మాటలో కొంత నిజం ఉంది. కాని బతకడం వేరు, నాలుగు రాళ్లు వెనకేసుకోవడం వేరు. పట్నంలో జీతం ఎంత అని అడిగేవారు చాలామంది ఉంటారు. ఖర్చులు పోను మిగిలేది ఎంత అని అడిగేవారు తక్కువ. ఈ పాఠంలో ముంబయిని ఉదాహరణగా తీసుకొని ఈ రెండో ప్రశ్నను పరిశీలిద్దాం.

ముంబయితో తెలుగువారికి పాత సంబంధం ఉంది. కామాఠీపురా అనే పేట పేరు తెలుగు ప్రాంతం నుంచి వెళ్లి కట్టడం పనులు చేసిన కామాఠీల వల్లనే వచ్చింది. పాలమూరు కూలీలు అక్కడి భవన నిర్మాణంలో పనిచేశారు. నల్గొండ, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల పద్మశాలీలు ముంబయికి దగ్గరలోని భివండీలో మరమగ్గాల మీద బతుకు వెతుక్కున్నారు.

14.3 ఇల్లు ఎందుకు అంత ఖరీదు?

మొదటి కారణం భూమి. ఒకప్పుడు ముంబయి ఏడు చిన్న దీవులు. వాటి మధ్య ఉన్న సముద్రాన్ని మట్టితో, రాళ్లతో పూడ్చి ఒకటిగా చేశారు. పాత నగరానికి పడమర, దక్షిణ దిక్కుల్లో సముద్రం, తూర్పున రేవు ఉన్నాయి. హైదరాబాదు నాలుగు దిక్కులకూ పెరగగలిగింది. ముంబయికి మాత్రం చాలాకాలం పెరగడానికి ఉత్తర దిక్కు ఒక్కటే దారి అయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 600 చదరపు కిలోమీటర్ల నగరంలో 1 కోటి 24 లక్షల మంది ఉన్నారు. కావలసినవారు ఎక్కువై, స్థలం తక్కువైతే ధర పెరుగుతుంది.

రెండో కారణం అద్దె ఇళ్ల కొరత. 1947లో వచ్చిన బొంబాయి అద్దె చట్టం పాత ఇళ్ల అద్దెలను దాదాపు 1940 నాటి స్థాయిలోనే నిలిపివేసింది. అద్దెకున్నవారికి అది రక్షణ అయింది. కాని వచ్చే అద్దె మరమ్మతులకు కూడా చాలకపోవడంతో యజమానులు ఇళ్లను పట్టించుకోలేదు. అద్దెకిచ్చేందుకు కొత్త ఇళ్లు కట్టేవారూ తగ్గారు. ముందు వచ్చినవారికి మేలు చేసిన చట్టం తరువాత వచ్చినవారికి కష్టం తెచ్చింది.

పేదవారికి మిగిలింది మురికివాడ. 2011 లెక్కల్లో నగర జనాభాలో నూటికి 40 మందికి పైగా మురికివాడల్లోనే ఉన్నారు. వీరిలో పని లేనివారే ఉన్నారనుకోకూడదు. పని దొరికినా, ఆ జీతానికి తగిన ఇల్లు దొరకనివారు ఎందరో ఉన్నారు.

ప్రశ్నించుకోండి – 1
(అ) ముంబయి చాలాకాలం ఏ దిక్కుకు మాత్రమే పెరగగలిగింది? ఎందుకు?
(ఆ) 1947 అద్దె చట్టం వల్ల కలిగిన ఒక మేలు, ఒక కీడు చెప్పండి.

14.4 లాభాలు

1. పని: రేవు, కార్యాలయాలు, దుకాణాలు, సినిమా పరిశ్రమ, భవన నిర్మాణం ఒకే నగరంలో ఉన్నాయి. ఒకచోట పని పోతే మరోచోట వెతుక్కోవచ్చు. ఆడవారికీ ఇంటిపని, కుట్టుపని, వంటపని వంటివి దగ్గరలోనే దొరుకుతాయి.

2. రైలు: మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణేకు 34 కిలోమీటర్లు నడిచింది. నేటికీ లోకల్ రైలే ఈ నగరానికి ప్రాణం. నెలవారీ పాసు కొనుక్కుంటే దూర ప్రయాణం కూడా చౌకగా సాగుతుంది.

3. వాతావరణం: సముద్రపు గాలి వల్ల ఎండాకాలంలో రామగుండం, విజయవాడలలో ఉండేంత వేడి ఇక్కడ ఉండదు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం అరుదు. అయితే ఉక్కపోత ఎక్కువ.

4. చదువు, రేషను: నగరపాలక సంస్థ పలు భాషల్లో బడులు నడుపుతుంది, వాటిలో తెలుగు కూడా ఉంది. "ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు" పథకం 2019లో మొదలైంది. దీనివల్ల సొంత ఊరి కార్డుతోనే వేరే రాష్ట్రంలో బియ్యం, గోధుమలు తీసుకోవచ్చు.

14.5 నష్టాలు

1. కాలం: అద్దె తక్కువగా ఉండే ఇల్లు పనికి దూరంగా ఉంటుంది. పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు పట్టిందనుకోండి. నెలకు 26 పనిదినాలకు 104 గంటలు. అంటే ఎనిమిది గంటల పనిదినాలు 13. ఈ శ్రమకు ఎవరూ కూలి ఇవ్వరు. రద్దీ వల్ల ప్రమాదం కూడా ఉంది. పట్టాలు దాటుతూ, రైలు నుంచి జారిపడి ఏటా వేలమంది చనిపోతున్నారు.

2. వాన, ఉప్పుగాలి: 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. వందలమంది ప్రాణాలు పోయాయి. పల్లపు ప్రాంతాల్లో చౌకగా దొరికే ఇళ్లే ఇలాంటప్పుడు ముందు మునుగుతాయి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. పాత భవనాలు వానాకాలంలో కూలే ప్రమాదం ఉంటుంది.

3. పని మారిపోవడం: 1982 జనవరిలో బట్టల మిల్లు కార్మికులు సుమారు రెండున్నర లక్షల మంది దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె చేశారు. సమ్మె ఏడాదికి పైగా సాగింది. ఆ తరువాత ఎన్నో మిల్లులు మూతపడ్డాయి. మిల్లు నడపడం కంటే దాని స్థలానికే ఎక్కువ విలువ వచ్చింది. ఎన్నోచోట్ల ఆ స్థలాల్లో ఎత్తైన మేడలు, పెద్ద అంగళ్లు లేచాయి.

14.6 లెక్క వేసి చూద్దాం

కింది అంకెలు ఉదాహరణ కోసం ఊహించినవి. మీ ఊరి అంకెలు వేరుగా ఉండవచ్చు.

సొంత జిల్లాలోని పట్టణంలో ఒకరి జీతం రూ. 12,000. అద్దె 2,500, తిండి 5,500, ప్రయాణం 500, ఇతర ఖర్చులు 1,500. మొత్తం ఖర్చు 10,000. మిగులు రూ. 2,000.

ముంబయిలో అతని జీతం రూ. 22,000 అనుకుందాం.

(క) కుటుంబమంతా వెళ్తే: అద్దె 9,000, తిండి 7,500, ప్రయాణం 500, ఇతర ఖర్చులు 3,500. మొత్తం ఖర్చు 20,500. మిగులు రూ. 1,500. జీతం దాదాపు రెట్టింపయింది. మిగులు మాత్రం తగ్గింది!

(చ) ఒక్కడే వెళ్లి నలుగురితో గది పంచుకుంటే: ఖర్చు 9,000. ఇంటి దగ్గర కుటుంబానికి 7,500. మిగులు రూ. 5,500. ఇందులోనుంచే రాకపోకల చార్జీలు పెట్టుకోవాలి. పిల్లలు తండ్రిని ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే చూస్తారు. ఆ నష్టానికి అంకె వేయలేం. అంతమాత్రాన దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఉండకూడదు.

(ట) కుటుంబమంతా వెళ్లి, భార్య కూడా రూ. 8,000 సంపాదిస్తే: పిల్లలను చూసుకోవడానికి 2,000 అదనపు ఖర్చు పోను మిగులు రూ. 7,500.

దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? ఖరీదైన నగరం ఒక్క జీతంతో వచ్చిన కుటుంబానికి భారం. ఇద్దరు సంపాదించే కుటుంబానికి అది ఎదిగే దారి కావచ్చు. చేతిలో వృత్తి ఉన్నవారికీ జీతం పెరిగే అవకాశం ఎక్కువ.

వెళ్లేముందు మూడు విషయాలు కనుక్కోండి. ఇంటికి అడ్వాన్సు ఎంత కట్టాలి? ఇంటి నుంచి పనికి ఎంతసేపు పడుతుంది? పని లేని నెలలో ఎలా గడుస్తుంది? ఈ మూడింటికీ జవాబు దొరికిన తరువాతే అప్పు చేయడం గురించి ఆలోచించండి.

ప్రశ్నించుకోండి – 2
(అ) పై ఉదాహరణల్లో ఎక్కువ మిగులు దేనిలో ఉంది?
(ఆ) రోజూ మొత్తం మూడు గంటలు ప్రయాణం చేస్తే 26 రోజులకు ఎన్ని గంటలు?

14.7 సారాంశం

ముంబయిలో స్థలం తక్కువ, జనం ఎక్కువ. అందువల్ల ఇల్లు ఖరీదు. పని, చౌక ప్రయాణం, వేసవిలో చల్లని గాలి అక్కడి లాభాలు. ప్రయాణంలో పోయే కాలం, వరద భయం, పని మారిపోవడం నష్టాలు. నగరాన్ని జీతంతో కాక మిగులుతో, కాలంతో, కుటుంబ సుఖంతో కలిపి తూచాలి.

14.8 పాఠాంత ప్రశ్నలు

1. మిల్లుల స్థలాల్లో మేడలు లేవడానికి కారణం రాయండి.
2. "చౌక ఇంటికి వేరే రూపంలో ధర చెల్లించాలి." ఈ మాటను రెండు ఉదాహరణలతో సమర్థించండి.
3. మీ ఊరి ఖర్చులను, మీకు తెలిసిన ఒక నగరం ఖర్చులను పక్కపక్కన రాసి మిగులు కట్టండి. ఇంట్లోవారితో కలిసి చర్చించండి.

జవాబులు
1. (అ) ఉత్తరానికి, మిగిలిన వైపుల నీరు ఉండటం వల్ల. (ఆ) మేలు: అద్దెలు పెరగలేదు. కీడు: మరమ్మతులు ఆగాయి, కొత్త అద్దె ఇళ్లు తగ్గాయి.
2. (అ) (ట)లో. (ఆ) 78 గంటలు.